గట్టు అవతలి పచ్చ

ఉప్పు వాసన... గాలికంటే ముందే లేచింది.

రేవతి మడిలో నీళ్ళు ఇంకిన చోటల్లా తెల్లటి పొర. నాటిన నారు పాలిపోయింది. కొసలు మాడాయి.

గట్టు అవతల పచ్చ.

అవతలి మడి తోడికోడలు కామాక్షిది. ఒకే నేల, ఒకే కాలువ, ఒకే విత్తనం. చుట్టూ తవ్విన రొయ్యల గుంటల ఉప్పు ఇద్దరి మడుల్లోకీ ఊరింది. మరి ఆమెకే ఎందుకంత పచ్చ?

ఎందుకో రేవతికి తెలుసు. అందుకే కడుపు మంట.

నాట్లకు ముందు కామాక్షి పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లింది. పూతకొచ్చే వేళకు మొక్కల్ని దున్ని మట్టిలో కలిపేసింది.

"పెంచినదాన్ని తొక్కించేదానికా అక్కా ఇంత కష్టం?" అని నవ్వింది రేవతి.

కామాక్షి ఒక మొక్క పీకి చూపించింది. వేళ్ళకు ఆవగింజలంత బుడిపెలు.

"గాల్లో ఉండే బలం పట్టుకొచ్చి నేలకి పెడతాది ఇది. మురిగితే చౌడు కూడా విరుగుతాది, రేవతీ."

రేవతి వినలేదు. యూరియా చల్లింది. మళ్ళీ చల్లింది... నేల కరగలేదు.

ఈ పంటా పోతే మడిని రొయ్యల గుంటకిస్తానన్నాడు మొగుడు పెంచలప్రసాద్. గుంట తవ్విన నేలలో మళ్ళీ వరి ఎక్కడిది? కాళ్ళావేళ్ళా పడింది. ఏడ్చింది. అతను వినలేదు.

పోతే నాదొక్కటే పోవాలా?

పార తీసుకుని గట్టెక్కింది. ఒక్క గండి... తన ఉప్పునీళ్ళు అటు పోతే చాలు. ఆ పచ్చా మాడాలి. పాపమని తెలుసు. తెలిసే పార ఎత్తింది —

ఆగింది.

కాళ్ళ దగ్గర, తన మడిలోనే, గట్టు వెంబడి జానెడు మేర పచ్చ.

కామాక్షి చల్లినప్పుడు ఎగిరిపడ్డ గింజలు గట్టు మీద మొలిచాయి. వాటి ఆకులు ఇటు రాలుతున్నాయి. తన మడిలో బతికిన ఆ కాస్తా ఆమె పెట్టిందే.

అది ఇంకా మండించింది.

అటునుంచి కామాక్షి వచ్చింది. పారను చూసింది. గట్టును చూసింది.

"జీలుగ గింజలు... మిగిలినాయా అక్కా?" ముల్లు మింగినట్టు అడిగింది రేవతి.

"నీకని ఎత్తిపెట్టినా. గుంట మాట ఇప్పట్లో వద్దని మరిదికి కూడా చెప్పినా. ఇంకో పంట చూద్దామంటే, సరే వదినా అన్నాడు."

నేల మిగిలింది. రేవతి సంతోషపడాలి.

తను ఏడిస్తే వినని మొగుడు, ఆమె ఒక్క మాటకు సరే అన్నాడు...

పార పిడి మీద వేళ్ళు బిగుసుకున్నాయి.