ఊరంతా కట్టిన నడుం పట్టీ

పశువుల సంతలో వేలం వేయడం నా వృత్తి. మా లావాకా కౌంటీలో నా గొంతు వినని ఆవు లేదు, విని విసుక్కోని మనిషీ లేడు. నోరు మూసుకోవడం అనే విద్య మాత్రం నాకెవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. అలాంటి నేను పోయిన జూన్‌లో, మా బావమరిది రేమండ్ కూతురు కార్లీన్ పెళ్లిలో, నడుం దగ్గర ఒక పిస్టల్‌నీ నోటి వెనక ఒక రహస్యాన్నీ దాచుకుని రోజంతా తిరగాల్సి వచ్చింది. ఎందుకంటారా? ప్రేమ కోసం. నవ్వకండి. అరవై దాటాక వచ్చే ప్రేమ పదహారేళ్ల ప్రేమకన్నా గట్టిగా పట్టుకుంటుంది, పైగా మోకాళ్లు సహకరించవు.

ఆవిడ పేరు లుద్మిలా ఓర్సాక్. బడిలో నా వెనక బెంచీ. స్కూలు బస్సు నడిపి రిటైరయింది. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు శనివారాలు దాణా కొట్టు వెనక గదిలో, పిస్టల్‌ని నడుం దగ్గర ఎవరికీ కనపడకుండా ఎలా పెట్టుకోవాలో పాఠాలు చెబుతుంది. మా ఊళ్లో పిస్టల్ లేని ఇల్లు లేదు. పాములున్నాయి, గొర్రెల మీద పడే నక్కలున్నాయి, అన్నిటికీ మించి అలవాటుంది. కానీ కలిగి ఉండటం వేరు, దాచుకోవడం వేరు. లుద్మిలా ఏనాటినుంచో ఒంటి మీద పిస్టల్ పెట్టుకునే తిరుగుతోందని ఊరందరికీ తెలుసు. ఎక్కడ పెట్టుకుంటుందో మాత్రం ఒక్క పురుగుకీ తెలియదు. చర్చిలో మోకరిల్లినా, పోల్కా నాట్యంలో బొంగరంలా తిరిగినా, చిన్న ఉబ్బు కూడా కనపడదు. కాఫీ బల్ల దగ్గర మేం ముసలాళ్లం ఈ విషయం మీద తగువులాడుకున్నంతగా ఎన్నికల మీద కూడా తగువులాడుకోలేదు.

నేను ఆ క్లాసులో చేరింది పాఠం కోసం కాదని వేరే చెప్పాలా?

"ప్యాంటు ఒక సైజు పెద్దది కొనుక్కో. నీ బొజ్జకి రెండు సైజులు. బెల్టు దిట్టంగా ఉండాలి, మెత్తటిదైతే బరువుకి జారిపోతుంది. ఒర గట్టిదై ట్రిగ్గర్ని పూర్తిగా కప్పాలి. లోపల బనియను వేసుకో, లేకపోతే సాయంత్రానికి తుంటి ఒరుసుకుపోతుంది" అనేది లుద్మిలా. తుంటి ఎముక వెనక ఒర పెట్టించి, పిడిని కాస్త ముందుకి వంచి, ఒర అడుగున చిన్న స్పాంజి ముక్క అతికించింది. ఆ ముక్క చేసిన మాయ ఏమని చెప్పను! అంతవరకూ బయటికి పొడుచుకొచ్చిన పిడి బుద్ధిగా ఒంటికి హత్తుకుంది. గంటసేపు కుర్చీలో కూర్చున్నా ఉందన్న సంగతే తెలియలేదు. నాకు తెలియలేదు గాని నా చేతికి తెలుసు. అది ఊరికే అక్కడికే పోయేది.

"తడుముకోకు! కొత్త నగ వేసుకున్న పెళ్లికూతురిలా ఎందుకలా తడుముకుంటావ్? దాచిన వస్తువుని చూపించేది చొక్కా కాదయ్యా, మనిషి చెయ్యి" అని అరిచేది.

ఏప్రిల్‌లో ఒక శనివారం అందరూ వెళ్లిపోయాక, కుర్చీలు సర్దే నెపంతో ఆగిపోయి, పెళ్లి మాట ఎత్తాను. వేలంలో గుక్క తిప్పుకోకుండా ధరలు కేకేసే నాకు ఆ ఒక్క మాట చెప్పేలోపు అవే కుర్చీలు మూడుసార్లు సర్దాల్సి వచ్చింది.

లుద్మిలా నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వంటే ఇష్టం లేక కాదు ఆల్ఫోన్స్. నీ నోట్లో నువ్వుగింజ నానదు. రాత్రి నీతో చెప్పిన మాట పొద్దున కాఫీ బల్ల మీదుంటుంది. ఈ వయసులో ఊరందరితో కలిసి కాపురం చేసే ఓపిక నాకు లేదు."

"మారతాను లుద్మిలా. ఒట్టు."

"అందరూ అనే మాటే. సరే, ఒక పరీక్ష పెడతాను. మీ కార్లీన్ పెళ్లికి నడుం దగ్గర పిస్టల్ పెట్టుకుని రా. చర్చి దగ్గర్నుంచి ఆఖరి వాల్ట్జ్ నాట్యం దాకా ఉండు. ఎవ్వరూ కనిపెట్టకూడదు. ఆ మాత్రం దాచగలిగితే సంసారంలో మాటా దాచగలవు. ఒక్కరికి తెలిసినా సరే, ఈ పెళ్లి మాట మళ్లీ ఎత్తకు."

ఎగిరి గంతేశాను. ఆ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలిపోయేలా ఉంది. నేరుగా రేమండ్ ఇంటికి పోయాను. పెళ్లికూతురి తండ్రి కదా, వాడింటి పెళ్లికి పిస్టల్‌తో వస్తున్నప్పుడు వాడికి చెప్పడం మర్యాద కదా! అలా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

"చచ్చినా ఎవరికీ చెప్పను బావా," అన్నాడు రేమండ్ గుండె మీద చెయ్యేసుకుని. పోయిన నా భార్యకి తమ్ముడు వాడు. వాడి నోరు కూడా నా నోటికి తమ్ముడే. ఆ సంగతి నాకు ఆ పూట గుర్తుకు రాలేదు.

పెళ్లిరోజు శనివారం. జూన్ ఎండ నెత్తి మాడ్చేస్తోంది. చర్చి మెట్ల మీదే మొదటి గండం ఎదురైంది, మా ఆల్బీనా పిన్ని. తొంభైకి దగ్గర పడింది, నా బొడ్డు దాకా వస్తుంది. కనిపించిన ప్రతివాణ్నీ నడుం చుట్టూ చేతులేసి వాటేసుకోవడం ఆవిడ అలవాటు. తప్పించుకునేలోపు వాటేసుకుంది. ఆవిడ ముంజేయి సరిగ్గా పిడికి తగిలింది. నా ప్రాణం పోయింది.

"ఏమిట్రా ఆల్ఫోన్సూ ఇది? నడుం పట్టీ కట్టుకున్నావా?" అని మెట్ల మీదున్న వాళ్లందరికీ వినబడేలా అరిచింది. "అయ్యో పాపం! నడుం నొప్పంటే ఎంత బాధో నాకు తెలుసురా నాయనా!"

"అవును పిన్నీ, పట్టీయే, పట్టీయే!" అన్నాను. దేవుడు నా పక్షాన ఉన్నాడనుకున్నాను. కాస్త దూరంలో నీలం గౌనులో నిలబడ్డ లుద్మిలా అటు తిరిగి పూలు చూస్తోంది.

విందు చర్చి పక్కనే మా పారిష్ హాల్లో. బ్రిస్కెట్ మాంసం, సాసేజీ, పుల్లటి క్యాబేజీ, గసగసాలు కూరిన కొలాచీ రొట్టెలు. బీరు పీపాలు వరసగా పెట్టారు. పిస్టల్ ఒంటి మీదుంటే బీరు ముట్టకూడదు. చట్టం మాట అటుంచండి, లుద్మిలా చెప్పిన మొదటి పాఠమే అది. కానీ మా వాళ్ల పెళ్లిలో ఆల్ఫోన్స్ బీరు తాగడం లేదంటే అంబులెన్సు పిలుస్తారు. ఎవడో గ్లాసు నా చేతిలో పెట్టబోయాడు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఇంతలో ఫాదర్ గ్రెగర్ మధ్యలోకి వచ్చి, "ఆయనకివ్వద్దు నాయనా, నడుం నొప్పికి మాత్రలు వేసుకుంటున్నారు" అని గ్లాసు తీసుకుని తనే తాగేశారు. ఆహా, ఎంత మంచి గురువు అనుకున్నాను.

నా ఫోర్కు కింద పడింది. మోకాళ్ల మీద కూర్చుని తీయాలని లేస్తుంటే, ముగ్గురు ముందుకు దూకి తీసి ఇచ్చారు. ముగ్గురూ తలలు గుద్దుకున్నారు కూడా. హాల్లో ఏసీ మొరాయించింది, మగాళ్లంతా కోట్లు తీసేశారు. నేనొక్కడినే కోటుతో ఉంటే అనుమానం వస్తుందని తీసేసి, వెయిస్ట్‌కోటుతో కూర్చున్నాను. దాని అంచు బెల్టు కిందికి నాలుగు వేళ్లు దిగుతుంది, ఏమీ కనపడదు. చెయ్యి కూడా బుద్ధిగా ఉంది. ఇంత తేలికా అనిపించింది. మనసులోనే పెళ్లి కేకు మీద ఏ రంగు క్రీము పూయించాలో ఆలోచించడం మొదలుపెట్టాను.

అప్పుడు కార్లీన్ మైకు తీసుకుంది. "గ్రాండ్ మార్చ్! ముందు నడిచేది మా ఆల్ఫోన్స్ మామయ్య, లుద్మిలా ఆంటీ!"

నా కాళ్ల కింద నేల కదిలింది. గ్రాండ్ మార్చ్ లేకపోతే మా వాళ్లలో పెళ్లయినట్టే కాదు. జంటలు జంటలుగా హాలంతా తిరిగి, చివర మొదటి జంట ఎదురెదురుగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి వంతెన కట్టాలి. మిగతా జంటలన్నీ దాని కింద దూరి, తామూ చేతులెత్తి వంతెనని పొడిగించాలి. మా ఆవిడ పోయాక నేను ఆ మార్చ్‌లో నిలబడలేదు. అద్దం ముందు కూర్చోవడం, లేవడం, వంగడం, కారెక్కడం అన్నీ సాధన చేశాను. చేతులు పైకెత్తడం మాత్రం చేయలేదు. ఎత్తితే వెయిస్ట్‌కోటు పైకి పోతుంది. వెయిస్ట్‌కోటు పోతే పిడి, పిడితోపాటు లుద్మిలా!

"ఏం ఆల్ఫోన్స్, నడుం నొప్పా?" అంది లుద్మిలా నా చెయ్యి అందుకుని. ఆ కళ్లలో అంత కొంటెతనం బడిలో నా జేబులో కప్పని వేసిన రోజు తరవాత మళ్లీ చూడలేదు.

అకార్డియన్ మోగింది, ట్యూబా బాకా గుబగుబలాడింది. నడిచాం. హాలు మధ్యకి వచ్చాం. ఎదురెదురుగా నిలబడ్డాం. దేవుడా అనుకుని చేతులెత్తాను. నడుం దగ్గర చల్లగాలి తగిలింది. అయిపోయింది, నా బతుకు బస్టాండయింది అనుకున్నాను.

అంతలో వెనకనుంచి ఎవరో నా వెయిస్ట్‌కోటు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. తల తిప్పి చూశాను. ఆల్బీనా పిన్ని! కుర్చీ లాక్కొచ్చి సరిగ్గా నా వెనక వేసుకుని, వెయిస్ట్‌కోటు అంచుని రెండు గుప్పిళ్లతో పట్టుకుని, ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తోంది. మా వెనక జంట మా చేతుల కింద దూరింది. దూరుతూ ఆ పెద్దమనిషి తూలినట్టు నటించి నా నడుం మీద చెయ్యేసి అంచు కిందికి లాగి పోయాడు. తరవాతి జంటలో ఆవిడ లాగింది. రేమండ్ లాగి కన్ను కొట్టి మరీ పోయాడు. వాడి భార్య లాగింది. పెళ్లికొడుకు లాగాడు, వాణ్ని నేను ఆ రోజే మొదటిసారి చూడటం! ఫాదర్ గ్రెగర్ జంట లేకుండా ఒంటరిగా దూరి, నన్ను దీవిస్తున్నట్టు నడుం మీద తట్టి, చక్కగా సర్ది పోయారు.

అప్పటికి నా మట్టిబుర్రకి వెలిగింది. పట్టీ, మాత్రలు, ఫోర్కు! ఊరు ఊరంతటికీ తెలుసు. నా నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. రెండూ ఒకేసారి వస్తే ముఖం ఎలా ఉంటుందో లుద్మిలాని అడగండి, ఎదురుగా నిలబడి చూసింది. ఆవిడా నవ్వుతోంది, కళ్లలో నీళ్లు కారేలా నవ్వుతోంది.

మార్చ్ అయ్యాక లుద్మిలా కార్లీన్ చేతిలోంచి మైకు లాక్కుంది. "ఒక్క మాట! ఈ ఆల్ఫోన్స్ నడుం దగ్గర ఏముందో ఎవరికైనా తెలుసా?"

హాల్లో తలలన్నీ దిగిపోయాయి. ఎవరి బూట్లు వాళ్లు చూసుకుంటున్నారు.

"పట్టీ!" అంది ఆల్బీనా పిన్ని.

"పట్టీ! పట్టీ!" అని హాలు మొత్తం అందుకుంది. ట్యూబా వాయించేవాడు కూడా.

"ఫాదర్, మీరు చెప్పండి," అంది లుద్మిలా.

"నేను కళ్లారా ఏదీ చూడలేదమ్మా," అన్నారు ఫాదర్. అది అబద్ధం కాదు. ఆయన కళ్లు మూసుకునే సర్దారు.

ఇక ఊరుకుంటే నేను గెలిచినట్టే. కానీ ఆ నీలం గౌను ముందు నిలబడి అంత పెద్ద అబద్ధం మింగడం నా వల్ల కాలేదు. ఆ మనిషితో రేపు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి కదా! మైకు తీసుకున్నాను.

"లుద్మిలా, ఓడిపోయాను. నువ్వు చెప్పిన సాయంత్రమే రేమండ్‌కి చెప్పేశాను. వాడు..."

"ఒక్కరికే చెప్పాను బావా!" అని అరిచాడు రేమండ్.

"ఎవరికి?"

"ఆల్బీనా పిన్నికి!"

హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మైకు కార్లీన్‌కిచ్చేసి, కోటు తీసుకుని గుమ్మం వైపు నడిచాను. ఇంకా అక్కడ నిలబడితే ఏడ్చేసేవాణ్ని.

"ఎక్కడికి? ఆఖరి వాల్ట్జ్ దాకా ఉండమన్నాను కదా," అంది లుద్మిలా వెనకనుంచి.

వాల్ట్జ్ మొదలైంది. నా భుజం మీద ఆవిడ చెయ్యి వేసింది. హాలు రెండు చుట్లు తిరిగాం.

"ఊరందరితో కాపురం చేయలేనన్నాను," అంది చివరికి. "కానీ నీ వెయిస్ట్‌కోటు లాగడానికి ఇంతమంది క్యూ కడతారని అనుకోలేదు. ఈ ఊరు ఇన్నాళ్లలో దాచిన మొదటి రహస్యం నువ్వేనయ్యా. పైగా గెలిచే ఆటని నీ నోటితోనే పోగొట్టుకున్నావు. నీ నోరు వాగుతుంది గాని అబద్ధమాడదు. మరో అవకాశం ఇస్తాను. ఇదే ఆఖరిది."

ముందుకు వంగి, తన పిస్టల్ ఎక్కడ పెట్టుకుంటుందో నా చెవిలో చెప్పింది.

నేను అడుగు తప్పి ఆవిడ కాలు తొక్కాను. అక్కడా! ఇన్నేళ్ల నాట్యాల్లో నా చెయ్యి దానికి జానెడు దూరంలోనే ఉందా!

"అక్టోబరులో పెళ్లి. ఈలోపు ఇది ఒక్క చెవికి చేరినా పెళ్లి లేదు," అంది.

ఆ నాలుగు నెలలు నేనెలా బతికానో ఎవరికి చెప్పినా అర్థం కాదు. లుద్మిలా నా చెవిలో ఏం చెప్పి ఉంటుందో ఊరంతా పసిగట్టింది. కాఫీ బల్ల దగ్గర బతిమాలారు, తిట్టారు, కొలాచీలు తినిపించారు. ఒకసారి ఆవులకి చెప్పేద్దామని సంతలో ఒంటరిగా నిలబడ్డాను కూడా. పక్కనే ఎవడో పాలవాడు కనపడితే నోరు మూసుకుని వచ్చేశాను.

అక్టోబరులో మా పెళ్లికి గ్రాండ్ మార్చ్‌లో లుద్మిలా రెండు చేతులూ నిటారుగా పైకెత్తింది. ఊరంతా మెడలు సాచి, వంగి, పక్కకి తిరిగి, ఆల్బీనా పిన్నయితే కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసింది. మడత కూడా కనపడలేదు. ఉంది గాని కనపడలేదు. అందరూ నా వైపు తిరిగారు.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఎక్కడ?" అన్నాడు రేమండ్ వంతెన కింద దూరుతూ.

నేను నోరు తెరిచాను. ఎదురుగా లుద్మిలా చూస్తోంది, ఎత్తిన చేతుల మధ్యనుంచి, భయపడుతున్నట్టు. ఆ మనిషి భయపడటం నేను అదే మొదటిసారి చూడటం.

"చేతులు నొప్పెడుతున్నాయిరా, త్వరగా నడు," అన్నాను.

లుద్మిలా నా వేళ్లని గట్టిగా పట్టుకుంది. అప్పట్నుంచి నా నోట్లో నువ్వుగింజ నానుతూనే ఉంది. మీరూ అడగొద్దు.