రెండు చేతులూ ఒకే పక్కన

నలభై ఏళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి. టేపు తీయకుండానే నడుం కొలత చెప్పేసే కళ్లు. అలాంటి టైలరమ్మ సోమవారం పొద్దున బ్యాంకు మేనేజరు చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్కన కుట్టేసింది. పైగా ఇస్త్రీ చేసి మడత కూడా పెట్టింది!

మేనేజరు నవ్వాడు గానీ టైలరమ్మ కొడుక్కి నవ్వు రాలేదు. మధ్యాహ్నానికి ఆవిడ ఆరేళ్ల కిందట పోయిన మొగుడికి టీ పెట్టమని కోడలికి పురమాయించింది. పెద్దతనం వల్ల మతి జారుతోందనుకుని, కొడుకు కత్తెరని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎంత తికమకలో ఉన్నా ఆ తాళం చప్పుడు టైలరమ్మకి స్పష్టంగా వినబడింది. మనసు చివుక్కుమంది. కత్తెర లేకపోతే ఇక తనెందుకు?

శనివారం దాకా ఒక్క గుండీ తప్పని మనిషికి రెండు రోజుల్లో మతి ఎలా పోతుందని కోడలు పట్టుబట్టి క్లినిక్‌కి లాక్కెళ్లింది. డాక్టరమ్మ ప్రశ్నలకి ముసలావిడ ముఖం ఎర్రబడింది. మంటా? ఉంది. మాటిమాటికీ వెళ్లాలనిపిస్తోందా? అనిపిస్తోంది. పరీక్ష చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. పెద్దవాళ్లకి ఇది వస్తే ఒక్కోసారి ఇలా ఉన్నట్టుండి తికమక పడతారనీ, తగ్గినట్టు అనిపించినా మాత్రలు చెప్పినన్ని రోజులూ మింగాల్సిందేననీ డాక్టరమ్మ చెప్పింది. నీళ్లు సరిగా తాగడం లేదా అని కూడా అడిగింది. దాంతో అసలు గుట్టు బయటపడింది.

"బాత్రూముకి వెళ్లాలంటే కస్టమర్ల బెంచీ ముందు నుంచే పోవాలి. అన్నిసార్లు ఎలా పోనమ్మా? అందుకే నీళ్లు మానేశా."

"ఒక్క మాట చెప్తే బెంచీ జరిపేదాన్ని కదా అత్తయ్యా" అంది కోడలు. ఆ పిల్లకి ఏడుపొచ్చింది.

ఐదో రోజుకి టైలరమ్మ తల తేటపడింది. బెంచీ వాకిలి వైపుకి జరిగింది. నీళ్ల సీసా మీద ఆవిడే సుద్దతో గీతలు గీసుకుంది, ఏ పూటకి ఎంత తాగాలో తెలిసేట్టు. కొడుకు నసుగుతూ తాళం తీసి కత్తెర ఇచ్చాడు. వాడి ఎదుటే ఆవిడ మేనేజరు చొక్కా కుట్లు విప్పి, ఎక్కడి చెయ్యి అక్కడ కుట్టింది. వాడు కుట్టు కుట్టూ వేలితో తడిమి చూసి, తల దించుకున్నాడు.

సాయంత్రం మేనేజరు వచ్చాడు. దుకాణం నిండా జనం. టైలరమ్మ కత్తెర బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా చెప్పింది.

"ఒరేయ్, నేను బాత్రూముకి వెళ్లొస్తా. ఈలోగా కత్తెర దాచావంటే ఊరుకోను."