తడిసిన గోడ, మోసిన నింద

అన్యాయం ఎవరికి జరిగింది? అనురాధకు. ఎలా జరిగింది? చేయని తప్పును నలుగురి మధ్య ఆమె నెత్తిన రుద్దారు; ఆమె చెప్పిన సమాధానాన్ని ఎవరూ చెవిన పెట్టలేదు. ఇంత సూటిగా చెప్పుకోకపోతే, తరువాత జరిగినదానిని క్షమ అనో, పెద్దమనసు అనో పిలిచే ప్రమాదం ఉంది. అది న్యాయం. దానిని దాని పేరుతోనే పిలవాలి.

అమెరికాలోని నోవై ఊళ్లో మూడు తెలుగు కుటుంబాలు కలిసి ఒక ట్రైలరు కొనుక్కున్నాయి. కారు వెనుక తగిలించుకొని పోయే చిన్న ఇల్లు అది, పిల్లల మాటలో 'క్యాంపర్': రెండు పడకలు, ఒక పొయ్యి, మడిచిపెట్టే బల్ల. రాజారావు, లీలావతి దంపతులది ఒక వంతు. శ్యామ్‌సుందర్, సుమతి దంపతులది ఒక వంతు. భర్త పోయాక కూతురిని ఒక్కతే పెంచుకుంటూ, ఆసుపత్రిలో మందుల విభాగంలో పనిచేసే అనురాధది మూడవ వంతు. వేసవి సెలవులలో వంతులవారీగా వాడుకొనేవారు. వాడినవాళ్లు కడిగి అప్పగించాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉన్నది రాజారావుకే గనుక ట్రైలరు అక్కడే ఉండేది. క్రమంగా దాని మీది తీర్పులు కూడా ఆయనవే అయ్యాయి.

ఒక ఏడాది అనురాధ తన వంతు ముగించుకొని వచ్చి, నీళ్లను బలంగా చిమ్మే ప్రెషర్ వాషర్‌ను అద్దెకు తెచ్చి ట్రైలరు కడిగింది. చలికాలం గడిచి మంచు కరిగేసరికి ముందు గోడ ఉబ్బి, లోపలి ప్లైవుడ్డు కుళ్లిపోయి ఉంది. మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే సెలవులకు రాజారావు ఇంటి వెనుక లాన్‌లో విందు జరిగింది. పళ్లాలు పట్టుకొని నిలబడ్డ ముప్పై నలభై మంది ఎదుట ఆయన అన్నాడు:

"ప్రెషర్ వాషర్ పెట్టి గోడంతా పాడు చేసేసిందండీ. మగదిక్కు లేని ఇల్లు. ఇలాంటివి చెప్పేవాళ్లెవరు, పాపం!"

నింద కన్నా ఆ 'పాపం' ఎక్కువ బరువుగా తగిలింది. ముందు గోడను తాను చేత్తోనే తుడిచానని, యంత్రాన్ని చక్రాల వైపే వాడానని అనురాధ చెప్పింది. ఎవరో నవ్వి మాట మార్చారు. ఆమె తాను తెచ్చిన పులిహోర గిన్నెకు మూత పెట్టుకొని ఇంటికి వెళ్లిపోయింది. ఆ తరువాతి వేసవులలో నీ వంతు ఎప్పుడని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

2012 మే నెలలో ఆమె కూతురు నైనిక అడిగింది. హైస్కూలు ముగించి, ఆకురాలు కాలంలో ఆన్ ఆర్బర్‌కు చదువుకు వెళ్లబోతున్న పిల్ల.

"మామ్, ట్రైలర్‌లో మన షేర్ ఇంకా ఉంది కదా? కాలేజ్ స్టార్ట్ అయ్యేముందు లేక్ హ్యూరన్ వెళ్దాం. జస్ట్ నువ్వూ నేనూ."

అనురాధకు రాజారావు స్థలంలోకి మళ్లీ అడుగు పెట్టడమంటే ఆ మాటను మళ్లీ వినడమే. అయినా ఆయనకు ఫోను చేసింది.

"తప్పకుండా తీసుకో అమ్మా," అన్నాడు రాజారావు. "కాకపోతే ఈసారి బకెట్టూ స్పాంజీ చాలు. సరేనా?" అని నవ్వాడు.

"అలాగే అన్నయ్యగారూ," అన్నది ఆమె.

మెమోరియల్ డే సెలవులకు ముందటి ఆదివారం ఉదయమే తల్లీ కూతుళ్లు పనిలోకి దిగారు. చలికి గొట్టాలు పగలకుండా వాటిలో నింపి ఉంచిన గులాబీ రంగు ద్రవాన్ని ముందుగా వదిలేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా పారించారు. మంచినీళ్ల తొట్టిలో కాస్త బ్లీచి కలిపి ఉంచారు. కప్పు మీద మాపుల్ చెట్టు రాల్చిన రెక్క విత్తనాలు అట్టకట్టి ఉన్నాయి. నైనిక నిచ్చెన ఎక్కి వాటిని ఊడ్చింది. కడగడం ఎప్పుడూ పైనుంచి కిందికే సాగాలి. లేకపోతే కడిగిన గోడ మీదికే పైమురికి కారుతుంది. తలుపు ముందు చాచుకొనే గుడ్డ పందిరికి బూజు పట్టి ఉంటే, దానిని విప్పి వెనిగరు నీళ్లతో రుద్దారు. కిటికీల కింద నల్లని చారలు మొండికేశాయి.

"మామ్, ఈ లైన్స్ పోవట్లేదు. పెయింట్ చేసేద్దామా?"

"పరీక్షలో జవాబు రాకపోతే పేపర్ చింపేస్తావా? రుద్దు."

మధ్యాహ్నానికి ట్రైలరు ఒళ్లంతా కడగడం అయింది. ఆరిన గోడలకు మైనం పట్టించి, మెత్తని గుడ్డతో గుండ్రంగా రుద్దుతూ పోతే వెలిసిన తెలుపు కింద నుంచి అసలు తెలుపు బయటికి రాసాగింది. ఇన్నాళ్లకు అనురాధ ఏదో కూనిరాగం తీసింది. అలా రుద్దుకుంటూ ముందు గోడకు వచ్చేసరికి, కిటికీ పక్కన ఆమె అరచెయ్యి కొద్దిగా లోపలికి దిగింది.

రాగం ఆగిపోయింది. మరోసారి నొక్కి చూసింది. గోడ మెత్తగా ఉంది. ఆనాడు మరమ్మతు చేయించిన గోడ, అదే చోట మళ్లీ కుళ్లింది. అదీ ఆమె ముట్టుకున్న రోజునే బయటపడింది.

మైనం పూసేసి మాట్లాడకుండా ఊరుకోవచ్చు. ప్రయాణం సాగుతుంది, తిరిగి వచ్చాక నింద కూడా తిరిగి వస్తుంది. ఈసారి దానిని నైనిక కూడా మోయవలసి ఉంటుంది. అనురాధ గుడ్డ కింద పెట్టింది.

"లీలా ఆంటీని పిలువు. అంకుల్‌ని కూడా. వాళ్లు వచ్చేదాకా నేను ఇక్కడి నుంచి కదలను. నువ్వు ఇంకేమీ ముట్టుకోకు."

లీలావతి వచ్చి వేలితో నొక్కి చూసింది. "అయ్యో, మళ్లీనా?"

వెనుకనే వచ్చిన రాజారావు కనుబొమలు ముడిచాడు. "ఇప్పుడు దేంతో కడిగావమ్మా?"

"మీరు చెప్పిన బకెట్టుతో, మీరు చెప్పిన స్పాంజితో. పొద్దున కడిగితే మధ్యాహ్నానికి ప్లైవుడ్డు కుళ్లదు అన్నయ్యగారూ. ఈ మూడేళ్లూ దీన్ని ఎవరు కడిగారు?"

"శ్యామ్."

"దేంతో?"

ఆయన గోడ వైపు చూశాడు. "చేత్తోనే."

"మరి ఈ నీళ్లు ఎక్కడివి?"

నైనిక నీలం రంగు టేపు తెచ్చింది. గోడను అంగుళం అంగుళం నొక్కుతూ, మెత్తగా తగిలిన ప్రతిచోటా చిన్న ముక్క అంటించింది. అంటించగా అంటించగా ఒక ఆకారం ఏర్పడింది: కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. కిటికీ పైన ఒకే ఒక్క చోట అది ముగిసింది. అక్కడ ఒక ఇనుప కొక్కెం ఉంది. కొక్కేనికి పోయిన ఏడాది కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ ఎండి వేలాడుతున్నాయి.

భర్త కన్నా ముందు లీలావతికి అర్థమైంది. ట్రైలరు కొన్న రోజున దిష్టి దండ కట్టడానికి కొక్కెం కావాలని పట్టుబట్టింది ఆమే. గోడకు రంధ్రం చేసి బిగించింది ఆయన. మరమ్మతు అయ్యాక అదే చోట మళ్లీ బిగించిందీ ఆయనే.

"అంత చిన్న స్క్రూ లీలా, దాంతో ఏమవుతుంది..." అంటూనే రాజారావు కొక్కేన్ని పట్టుకొని లాగాడు. మర తిప్పకుండానే అది ఊడి వచ్చింది. దానితోపాటు తడిసిన చెక్కపొట్టు వచ్చింది. తరువాత గోధుమరంగు నీటి చుక్క ఒకటి తెల్లని గోడ మీదుగా జారింది.

"దిష్టి తగలకూడదని గోడకే కన్నం పెట్టుకున్నాం," అన్నది లీలావతి.

రాజారావు కొక్కేన్ని జేబులో వేసుకున్నాడు. "సరే అమ్మా, పొరపాటైంది. సారీ. గోడ బాగుచేయించే పూచీ నాది. ఇక్కడితో వదిలేద్దాం. నలుగురికీ తెలిస్తే నవ్విపోతారు."

"మీరు నన్ను అన్నది నలుగురిలోనే," అన్నది అనురాధ. ఆమె గొంతు లేవలేదు. "చాటున చెప్పే సారీ నాకు చాలదు."

"అంటే ఏం చెయ్యమంటావ్? మైక్ పెట్టించి చెప్పనా?"

"మైకు అక్కర్లేదు లెండి," అన్నది లీలావతి. "ఆనాడు మీ గొంతు వీధి చివరిదాకా వినపడింది. ఇప్పుడూ వినపడుతుంది."

ఆయన ఇంట్లోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం శ్యామ్‌సుందర్ దగ్గరలోని ట్రాయ్ ఊరి నుంచి వస్తూ వచ్చి చూశాడు. లోపలి చట్రం గట్టిగానే ఉందని, సెలవులకు నిక్షేపంగా వెళ్లవచ్చని, చలి రాకముందే గోడ మార్చాలని చెప్పాడు. రంధ్రాన్ని పూడ్చి, పైన సీలు వేశారు. దిష్టి దండను ఇకమీదట కారుకు తగిలించే గొలుసుకే దారంతో కడతానని లీలావతి మాట ఇచ్చింది. మిగిలిన మైనం పని తల్లీ కూతుళ్లు పూర్తిచేశారు. చక్రాలలో గాలి చూశారు, బోల్టులు బిగించారు, వెనుక దీపాలు వెలిగించి చూశారు. ట్రైలరు కొత్తదానిలా మెరిసింది. కాని అనురాధ మనసులో ఒక నిర్ణయం చేసుకుంది: శనివారం జరిగే మెమోరియల్ డే విందులో రాజారావు నోరు విప్పకపోతే ట్రైలరు తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేస్తుంది. ఆ మెరుగు వాళ్లకే ఉంచేస్తుంది.

శనివారం అందరూ వచ్చారు. లాన్‌లో అవే కుర్చీలు, దాదాపు ఆ మనుషులే. రాజారావు పెట్రోలు ధర గురించి మాట్లాడాడు, ఎవరిదో గ్రీన్ కార్డు గురించి మాట్లాడాడు. అనురాధ వైపు మాత్రం చూడలేదు. ఆమె తాళాలు పిడికిలిలో పట్టుకొని నిలబడింది. వరుసలో ముందున్నవాళ్లు పళ్లాలు చాచారు. అప్పుడు లీలావతి బిర్యానీ గిన్నె మీద మూత పెట్టేసింది.

"మా ఆయన ఒక మాట చెప్పాలి. అది అయ్యాకే భోజనం."

"ఏంటి వదినా, స్పీచ్ ఉందా? ఆకలేస్తోంది!" అని ఎవరో అరిచారు. నవ్వులు సద్దుమణిగాయి. రాజారావు లేచి నిలబడ్డాడు.

"మూడేళ్ల కిందట ఇదే లాన్‌లో, ట్రైలర్ గోడ అనురాధ పాడు చేసిందన్నాను. అబద్ధం. నేను బిగించిన స్క్రూ వల్ల పాడైంది. ఆమె చెప్పబోతే విననివ్వలేదు. మగదిక్కు లేదని కూడా అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు. అమ్మా, తప్పు నాది."

అనురాధ పిడికిలి సడలింది. ఆయన కూర్చోబోతుండగా నైనిక ముందుకు వచ్చింది.

"అంకుల్, సారీ, ఒక్క మినిట్. పిల్లలకి హాఫ్ కూడా అర్థం కాలేదు. తెలుగు క్లాస్‌లో వీళ్లు మా మామ్‌ని 'క్యాంపర్ బ్రేకర్' అనేవాళ్లు. ఇంగ్లీష్‌లో కూడా చెప్పండి, ప్లీజ్."

అనురాధ ఉలిక్కిపడి కూతురి వైపు చూసింది. ఈ సంగతి ఇన్నేళ్లుగా ఆ పిల్ల ఇంట్లో చెప్పనే లేదు.

రాజారావు కళ్లజోడు తీశాడు. గడ్డి మీద కూర్చున్న పిల్లల వైపు తిరిగి, పాఠం అప్పజెప్పే విద్యార్థిలా ఒక్కొక్క మాటా విడదీసి పలికాడు.

"అనురాధా ఆంటీ డిడ్ నాట్ బ్రేక్ ద క్యాంపర్. ఐ డిడ్. ఐ బ్లేమ్డ్ హర్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ ఎవ్రీబడీ. ఐ వాజ్ రాంగ్."

"సో ఇట్ వాజ్ యూ, అంకుల్?" అని అడిగింది ముందు వరుసలోని ఒక చిన్నపిల్ల, రూఢి చేసుకోవడానికి.

"ఎస్ అమ్మా. నేనే."

పెద్దల భాషలో చేసిన బాకీ పెద్దల భాషలోనూ, పిల్లల భాషలో పెరిగిన వడ్డీ పిల్లల భాషలోనూ, ఆనాడు ఆ లాన్‌లో పైసలతో సహా తీరిపోయింది.