సగం గడ్డం

ఆదివారం పొద్దున సెలూన్లో కాలు పెట్టే సందుండదు. ఉన్నది ఒకటే కుర్చీ, ఒకటే అద్దం, గోడ వారన ఒక బల్ల. కుర్చీలో ఉన్నవాడి తల పిట్ట వాళ్ళ నాన్న చేతిలో ఉంటుంది గానీ, బల్ల మీద కూర్చున్నవాళ్ళ నోళ్ళు ఎవరి చేతిలోనూ ఉండవు. బడి లేని రోజు గనక పిట్ట కూడా పనిలోకి దిగేది. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉందని నాయనమ్మ పెట్టిన పేరది. ఇప్పుడు పదకొండేళ్ళొచ్చి నాన్న భుజం దాకా ఎదిగినా ఆ పేరు వదల్లేదు. వేణ్ణీళ్ళ చెంబు అందించడం, తువ్వాలు దులిపి మెడకి చుట్టడం, రాలిన జుట్టు ఊడ్చడం ఆ పిల్ల పని.

పనితో పాటు ఒక కట్టుబాటు కూడా నేర్చుకుంది. రైలు పట్టాల అవతల తోళ్ళు సున్నంలో నానబెట్టే షెడ్లున్నాయి. ఆ షెడ్లవాళ్ళు ముందు గుమ్మంలోంచి రారు. చీకటిపడి తలుపులు వేశాక పెరట్లోకి వస్తారు. పీట మీద కూర్చుంటారు. తువ్వాలు వాళ్ళే తెచ్చుకుంటారు. ఎందుకు నాన్నా అని చిన్నప్పుడొకసారి అడిగింది.

"తోళ్ళ సున్నం వాళ్ళ ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది తల్లీ. మనకి తగిలితే దద్దుర్లు" అన్నాడు నాన్న.

నాన్న చెప్పాక ఇంకేముంది! నిప్పు కాలుతుందన్నంత గట్టిగా నమ్మింది. బడిలో షెడ్ల పిల్ల ఎవరైనా పక్కన కూర్చుంటే చేతులు గోక్కుంటూ లేచి వెళ్ళేది. ఉత్తుత్తినే కాదు, నిజంగానే దురద పెట్టేది.

ఆ ఆదివారం ఒక గడ్డం మనిషి వచ్చి, తన వంతు దాకా గుమ్మంలో నిలబడి, నాన్న కూర్చోమంటే కుర్చీలో కూర్చున్నాడు. ఉతికిన చొక్కా, ఒళ్ళో గుడ్డసంచి, ఛాతీ దాకా గడ్డం. ఎవరూ పోల్చుకోలేదు.

"మొత్తం తీసెయ్యన్నా. రెండేళ్ళకి ఇంటికెళ్తున్నా. ఈ వాలకంతో వెళ్తే మా అమ్మ గుమ్మంలోనే ఏడుపు మొదలెడుతుంది."

"ఏ అమ్మయినా అంతేలే తమ్ముడూ" అని నాన్న కత్తెర తీశాడు.

"ఆ అడివికి నీ కత్తెరేం చాలుతుందిరా? మా డిపో నించి రంపం పంపించనా?" అన్నాడు బల్ల మీంచి కలప డిపో బాబాయి. సెలూన్ గది ఆయనదే. ఆయన హాస్యమాడితే నాన్న అందరికన్నా ముందు నవ్వాలి. నవ్వాడు. గడ్డం మనిషీ నవ్వాడు. పిట్ట అతని మెడకి తువ్వాలు చుట్టి కొస లోపలికి దోపింది. ఎండన పడొచ్చిన మెడ వెచ్చగా తగిలింది.

పొడుగంతా కత్తిరించాక నాన్న నురగ పట్టించి, గోడకి వేలాడే తోలుపట్టీ మీద కత్తి నూరాడు. కుడి చెంప మీంచి నురగ పాయలు పాయలుగా దిగుతుంటే కింద కొత్త మనిషి బయటపడుతున్నాడు. ముందు చెంప ఎముక, తరవాత దవడ, దవడ మీద గవ్వలాంటి మచ్చ.

"ఆగరా" అన్నాడు డిపో బాబాయి.

ఆయన లేచి అద్దం దగ్గరికొచ్చాడు. అద్దంలో ఉన్న మొహాన్నీ, కుర్చీలో ఉన్న మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"నా కలప బండి వెనకాల వేలాడి, పడి, దవడ పగలగొట్టుకున్నది నువ్వు కాదూ? షెడ్ల మేస్త్రీ కొడుకువి?"

"నేనే" అన్నాడతను.

కత్తి గొంతు దగ్గర ఆగిపోయింది. ఎడమ చెంప మీద నురగ అలాగే ఉంది.

"లేపు వాణ్ణి."

"బాబాయ్, సగం అయిపోయింది..." నాన్న గొంతు పీలగా వచ్చింది.

"మిగతా సగం రాత్రికి పెరట్లో గీసుకో. ఆ బ్రష్షే తెచ్చి నా మూతికి పూస్తావా? ఎన్నాళ్ళనించి జరుగుతోందిరా ఈ భాగోతం, నా గదిలో?"

పిట్ట అరచేతులు దురద పెట్టాయి. రెండూ గబగబా గోక్కుంది. గోక్కుంటూ ఉండగానే ఆ పిల్లకి ఏదో తట్టి చేతులు ఆగిపోయాయి. తువ్వాలు కట్టినప్పుడు దురద లేదే! మెడ తగిలినప్పుడూ లేదు. ఇంతసేపూ లేదు. షెడ్లు అన్న మాట వినపడ్డాకే వచ్చింది. అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. చిన్న పొక్కయినా లేదు. అయితే నాన్న చెప్పింది అబద్ధమా? బడిలో తను లేచి వెళ్ళినప్పుడల్లా ఆ పిల్లలు తలొంచుకుని పుస్తకంలోకి చూసింది అవమానంతోనా?

నాన్న ఏదో ఒకటి అంటాడని చూసింది. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే పైకప్పు లేచిపోయేలా అరిచే నాన్న.

"కాస్త లే తమ్ముడూ" అన్నాడు నాన్న.

"ఎక్కడికన్నా? ఈ సగం మొహమేసుకుని బజారంతా దాటి వెళ్ళనా?"

"చీకటి పడ్డాక రా, నేనే..."

"పెరట్లో పీట మీద చాలా ఏళ్ళు కూర్చున్నానన్నా. ఇవాళ ముందునించి వచ్చాను. నువ్వే కూర్చోమన్నావు. ఆ తోలుపట్టీ మీద కత్తి నూరావు చూడు, అది మా షెడ్డులో మా నాన్న కోసిచ్చిందే. అది గోడకి వేలాడొచ్చు గానీ నేను కుర్చీలో కూర్చోకూడదా?"

పిట్ట బల్ల వైపు చూసింది. చివర్న లెక్కల మాస్టారున్నారు. క్లాసులో ఎవరైనా ఎవర్నైనా వెక్కిరిస్తే చెవి మెలిపెట్టే మాస్టారు. ఆయన పేపరు ఇంకొంచెం పైకెత్తి పేజీ తిప్పారు.

"సరే. నువ్వు గీయొద్దు" అన్నాడు కుర్చీలోని మనిషి. చెయ్యి చాపాడు. "కత్తి ఇటివ్వు. నేనే గీసుకుంటా."

బల్ల మీదివాళ్ళు ఒక్కసారిగా లేచారు.

"వాడి చేతికి కత్తా! మతి పోయిందా? పచ్చితోళ్ళు చీరే చెయ్యిరా అది!" డిపో బాబాయి గుమ్మంలోకి వెనక్కి తగ్గి అరిచాడు.

నాన్న కత్తి మడిచి అద్దం కింది గాజుపలక మీద పెట్టాడు. పెట్టాడు గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేకపోయాడు. చెయ్యి వణుకుతుంటే కత్తి గాజు మీద టకటకలాడింది. అతను చాపిన అరచెయ్యి మాత్రం అలాగే ఉంది, ఖాళీగా.

పిట్ట ముందుకొచ్చింది. నాన్న వేళ్ళ కిందనించి కత్తి మెల్లిగా లాగింది.

"పిట్టా!" అన్నాడు నాన్న.

పిడి అతని వైపు తిప్పి అందించింది. అతను లాక్కోలేదు. ఆ పిల్ల వేళ్ళు వాటంతటవి వదిలే దాకా ఆగి, అప్పుడు తీసుకున్నాడు.

పిట్ట బల్ల వైపు తిరిగింది. "మా నాన్న చెయ్యి వణుకుతోంది. గీస్తే తెగుతుందని ఆపాడు. అంతే" అంది అందరికీ వినపడేలా. తరవాత వేణ్ణీళ్ళ చెంబు తెచ్చి అతని పక్కన నిలబడింది. నురగ ఎండిపోయింది మరి, తడపాలి కదా.

"ఏరా, నోట్లో బెల్లముందా? కూతురికి ఆ మాత్రం చెప్పుకోలేవా?" అన్నాడు డిపో బాబాయి.

నాన్న అద్దం ముందునించి పక్కకి జరిగాడు.

కుర్చీలోని మనిషి అద్దంలోకి వంగి, బుగ్గ నాలికతో లోపలినించి తోసిపట్టి, కొంచెం కొంచెంగా గీసుకున్నాడు. అలవాటు లేని కత్తి. గడ్డం కింద చిన్నగా తెగింది. అయిపోయాక కత్తి కడిగి, తుడిచి, మడిచి, పిట్ట చేతికిచ్చాడు. పటిక ముక్క పట్టుకుని నాన్న ముందుకొచ్చాడు.

"నెత్తురు కారుతోంది తమ్ముడూ. ఉండు, అద్దుతాను."

"వద్దులే అన్నా. గాలికి అదే ఆరుతుంది."

క్షవరానికి ఇవ్వాల్సింది గాజుపలక మీద పెట్టి, సంచి భుజానికేసుకుని, ముందు గుమ్మంలోంచే వెళ్ళాడు. డిపో బాబాయి దారి వదిలాడు, చొక్కా తగలకుండా.

"గది సంగతి రేపు మాట్లాడదాం" అని ఆయనా వెళ్ళాడు. ఆయన వెనకే బల్లంతా ఖాళీ అయింది. ఆఖర్న లెక్కల మాస్టారు పేపరు మడిచి, పోతూ పోతూ పిట్ట తల మీద చెయ్యి వెయ్యబోయారు. పిట్ట తల పక్కకి తీసుకుంది.

నాన్న చెయ్యెత్తాడు. కొడతాడనుకుంది. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచి, వెనక్కి జరిగి కుర్చీలో కూలబడ్డాడు. ఆ కుర్చీలో నాన్న కూర్చోగా పిట్ట ఎన్నడూ చూడలేదు.

"గది ఖాళీ చెయ్యమంటే రోడ్డున పడతామే. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెగుతుందని కాదు నేను ఆపింది."

"తెలుసు నాన్నా."

నాన్న ఆ పిల్ల మొహంలోకి చూడబోయి అద్దంలోకి చూశాడు. అక్కడా పిట్టే కనపడేసరికి కళ్ళు మూసుకున్నాడు.

"ఇంటికి పో" అన్నాడు.

నిన్నటి దాకా అయితే నాన్న ఆ గొంతుతో పొమ్మంటే పిట్ట ఏడుస్తూ పరిగెత్తేది. ఇవాళ వెళ్ళి, ఖాళీ బల్ల మీద కూర్చుంది.

"పోను. బాబాయి మళ్ళీ మనుషుల్ని వెంటేసుకుని వస్తే, నువ్వొక్కడివే ఉంటావు."