పాదాలకు పోసిన నీళ్లు

మూడు వారాలుగా మా బండబస్తీ మొహం చూడని నీళ్ల ట్యాంకరు ఆ పొద్దున ఎనిమిదింటికే వచ్చి నిలబడింది. ఎందుకొచ్చిందనుకున్నారు? మేము తాగడానికి కాదు. ఓట్లడగడానికి వస్తున్న పెద్దాయన పాదాల మీద పోయడానికి.

ఎనభై తొమ్మిది ఎలక్షన్ల సంగతి ఇది. అప్పుడు నేను పటాన్‌చెరు పక్కన ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలీని. నేను డ్రమ్ములు మోసేవాణ్ణి, మా బస్తీ ఆడవాళ్లు ఆ డ్రమ్ములు కడిగేవాళ్లు.

మా దిక్కు పెద్దమనిషి వస్తే ఆడవాళ్లు నిండు బిందెలతో ఎదురెళ్లి కాళ్లకు నీళ్లారబోస్తారు. మనసుపడి చేస్తే అది మర్యాద. కానీ కాంట్రాక్టరు ఎల్లయ్య సేటు ముందురోజే మా గేటుపాసులన్నీ గుంజుకుని, పదకొండు మంది ఆడవాళ్లు బిందెలతో నిలబడాలనీ, పెద్దాయన వచ్చిపోయాకే పాసులిస్తాననీ చెప్పాడు. పాసు లేకుంటే గేటు లోపల అడుగు పడదు, పొయ్యి వెలగదు. దీన్ని ఏ మర్యాద అంటారో మీరే చెప్పండి.

ట్యాంకరు డ్రైవరు లెక్కగా పదకొండు బిందెలు నింపి, పైపు చుట్టేసుకుని వెళ్లిపోయాడు.

వరుసలో ముందున్న ఆగమ్మ తన బిందెలోకి చాలాసేపు చూసింది. అడుగు కనపడే నీళ్లు. మా బస్తీ బోరింగు కొడితే పసుపు నీళ్లొస్తాయి, నురుగొస్తుంది, అన్నం వండితే మందుల వాసన. కంపెనీలొచ్చాకే అలా అయ్యాయి. ఆగమ్మ కోడలు రాధమ్మకు రెండు కడుపులు నిలవలేదు. ఇప్పుడు మళ్లీ ఏడో నెల. ఆ నీళ్లు ముట్టవద్దని ఆసుపత్రిలో నర్సమ్మ గట్టిగా చెప్పింది. చెప్పడానికేం, ముట్టక ఏం తాగాలి?

"గింత మంచి నీళ్లు మట్టిల పోసుడా?" అంది ఆగమ్మ. బిందె చంకనెత్తుకుని ఇంటికెళ్లి కోడలి కుండలో వంచేసింది. ఆమె వెనక బక్కమ్మ, బక్కమ్మ వెనక మిగతావాళ్లు. ఖాళీ బిందెలతో తిరిగి బోరింగు దగ్గరికొచ్చారు. హ్యాండిలు కొట్టింది నేనే. పదకొండు బిందెలూ నింపింది నేనే.

ఒట్టు, మాకెవరికీ పోరాటం అన్న ఆలోచనే లేదు. కాళ్లు కడిగే నీళ్లు ఏవైతేనేం అనుకున్నాం. రోజూ మేము తాగేవి, మా పిల్లలకు పోసేవి అవే కదా!

తొమ్మిదింటికి వస్తానన్న పెద్దాయన మధ్యాహ్నం రెండున్నర దాటాక వచ్చాడు. అంతసేపూ ఆడవాళ్లు ఎండలో నిలబడ్డారు. బిందె దించితే సేటు మనుషులు తిట్టారు. బక్కమ్మ కళ్లు తిరిగి పడిపోతే, ఫోటోలో వరుస చెడుతుందని రెక్కపట్టి లేపి మళ్లీ నిలబెట్టారు. ఆమె నీళ్లడిగితే కార్యక్రమం అయ్యాక తాగమన్నారు. మేము మగవాళ్లం గోడకానుకుని చూస్తూ ఉన్నాం. థూ మా బతుకు!

పెద్దాయన జీపు దిగి చెప్పులు విడిచాడు. పేదల కోసం వట్టికాళ్లతో తిరుగుతున్నానని చెప్పుకుంటున్నాడు అప్పుడు. భానూర్ నుంచీ అట్లా దిగుతూ ఎక్కుతూ వచ్చేసరికి కాళ్లు బొబ్బలెక్కి చితికి ఉన్నాయి. ఆడవాళ్ల మొహం ఒక్కరిదీ చూడలేదు. కెమెరా దిక్కు తిరిగి నవ్వుతూ కాళ్లు ముందుకు చాపాడు.

ఆగమ్మ బిందె వంచింది.

ఆయన గంతు వేశాడు. పక్కవాడి భుజం పట్టుకుని ఒంటికాలి మీద కుంటుతూ, ఏం పోసినవే అని అరిచాడు. నీళ్లేనంది ఆగమ్మ. నీళ్లు గిట్ల మండుతయా అన్నాడు. ఆమె నిజంగానే జాలిపడి చెప్పింది.

"పుండు మీద పడితే జెర మండుతయి సారూ. నాలుగు దినాలు పోసుకుంటే అలవాటైతది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత బస్తీ అంతా నవ్వింది. పదేళ్లలో మేమంతా కలిసి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వునే వాళ్లు ఓర్చుకోలేకపోయారు. "యాసిడ్ పోసిన్రు" అని సేటు అరిచాడు, లాఠీలు లేచాయి. ఆగమ్మను జుట్టు పట్టి బిందెతో సహా పోలీసు జీపులో పడేశారు. బోరింగు నుంచి నింపింది నేనని చెప్పాల్సింది. చెప్పకుండా గోడ చాటుకు జరిగాను. ఆ సిగ్గు నాకిప్పటికీ పోలేదు.

బీరంగూడలో ఉండే కామరాజు గారికి కబురు పెట్టాం. కోస్తా నుంచి వచ్చి పెద్ద ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడి యూనియన్ నడిపే మనిషి, సెలవురోజు మా బస్తీకొచ్చి కార్మిక చట్టాలు చదివి వినిపించేవాడు. ఆయన వచ్చేసరికి ఠాణాలో కాగితం తయారైపోయింది. కంపెనీ డ్రమ్ములోంచి యాసిడ్ దొంగిలించి బిందెలో కలిపానని ఆగమ్మ ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. వేలిముద్ర ఒక్కటే తక్కువ.

కామరాజు గొంతు పెంచకుండా అన్నాడు. "బిందెలో ఇంకా నీళ్లున్నాయి సార్. సీలు వేసి పరీక్షకి పంపండి. యాసిడ్ అని తేలితే, ఇవి బోరింగు నీళ్లు కాబట్టి, దాన్ని భూమిలోకి ఎవరు వదిలారో మీరే రాయాలి. నీళ్లే అని తేలితే ఈవిణ్ణి వదిలిపెట్టాలి."

ఎస్సై ఆలోచించాడు. లేచి బిందెను బూటుకాలితో తన్నాడు. సాక్ష్యమంతా గచ్చు మీద పారిపోయింది.

అప్పుడు సేటు మెత్తబడ్డాడు. ఆగమ్మ వేలిముద్ర పెడితే సాయంత్రానికల్లా ఇంటికి పంపిస్తామనీ, అందరి పాసులూ ఇస్తామనీ, రేపటి నుంచి బస్తీకి రోజూ ట్యాంకరు వస్తుందనీ అన్నాడు. ఠాణా బయట మాలో మాకే కొట్లాట. పెట్టమనండ్రి, ఒక్క ముద్రతోని అందరం నీళ్లు తాగుతం అని బక్కమ్మ ఏడ్చింది. ఒక మనిషిని దొంగను చేసి తాగుతామా అని ఇంకొకరు తిట్టారు. నిజం దాచను, నాకూ పెడితే బాగుండనిపించింది. నీళ్ల దూప అట్లాంటిది.

ఆగమ్మ ఎవరినీ అడగలేదు, కోడలిని అడిగింది. నీ కడుపు కోసం పెట్టమంటే పెడతాను బిడ్డా అంది. రాధమ్మ బయట నుంచి ఠాణా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

"ట్యాంకరు ఎన్ని దినాలొస్తది అత్తా? ఓట్లు పడేదాక వస్తది. ఇంక వారమే ఉన్నది. నా కడుపుకు రెండు నెలలున్నది."

ఆగమ్మ తన బొటనవేలు ఎస్సై ముందు చాపింది. "సూడు సారూ. తొమ్మిదేండ్లు డ్రమ్ములు కడిగిన. గీతలన్నీ అరిగిపోయినయి, ఏం ముద్ర పడతది? పడ్డా పెట్ట."

ఎస్సై ఆమె చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. ఆమె పిడికిలి బిగించుకుని కూర్చుంది. ఎంత గుంజినా వేళ్లు విడదీయలేకపోయారు. చీకటి పడకముందే జైలుకు తరలించారు.

మర్నాడు పొద్దున్నే కామరాజు, బోరింగు నీళ్లే సీసాలో పట్టి పరీక్షకు పంపుదామని, పత్రికలవాళ్లను తెస్తానని వెళ్లాడు. ఆ మాట సేటు చెవిన పడ్డట్టుంది, ఆయనకంటే ముందు లాఠీ పోలీసులతో వ్యాను వచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్లు నట్లు విప్పే పానాలతో బోరింగు దగ్గరికి నడిచారు. హ్యాండిలు ఊడదీసి, గొట్టంలో సిమెంటు పోయమని ఆర్డరట. బోరింగే లేకుంటే ఇంక పరీక్షకు ఏముంటుంది?

మా పిల్లల పళ్లు పాడుచేసిన బోరింగు అది. తిట్టని పూట లేదు. అయినా అందరికంటే ముందు రాధమ్మ వెళ్లి దానికి వీపు ఆనించి కూర్చుంది. ఆమె చుట్టూ ఆడవాళ్లు, వాళ్ల చుట్టూ మేము కూర్చున్నాం. ముద్ర పెట్టమని ఏడ్చిన బక్కమ్మ కూడా కూర్చుంది.

"లెవ్వుండ్రి, కేసులైతయి" అన్నాడు కానిస్టేబులు.

నేను లేచాను. "నిన్న బోరింగు కొట్టింది నేనే. నన్ను రాసుకో. మరి బోరింగును ఏ సెక్షన్ కింద అరెస్టు చేస్తవు?" అన్నాను.

మొదటి దెబ్బ నా మోచేతి మీద పడింది. తర్వాత ఎవరి మీద ఎన్ని పడ్డాయో తెలియదు. రాధమ్మ మీద పడకుండా నలుగురు ఆడవాళ్లు ఆమె మీదికి వంగి వీపులప్పగించారు. నాతో కలిపి ఇరవై మూడు మందిని ఈడ్చి వ్యానులో వేశారు. హ్యాండిలు ఊడదీసి వ్యానులో మా కాళ్ల దగ్గరే పడేశారు. సిమెంటు బస్తా విప్పబోతుంటే పొద్దుటి షిఫ్టుకు పోయే కార్మికులు రోడ్డు మీద నుంచి సైకిళ్లు పడేసి ఉరికొచ్చారు. పోలీసులు బస్తా అక్కడే వదిలి వ్యానెక్కారు. ఆ మనుషుల మధ్య నుంచి వ్యాను కదల్లేక ఆగింది.

వ్యాను జాలీలోంచి చూశాను. పక్క బస్తీ ఆడవాళ్లు గుంపుగా వస్తున్నారు. నీళ్ల దగ్గర రోజూ మాతో తగాదాపడేవాళ్లే. ముందు నడుస్తున్న ముసలమ్మ భుజం మీద ఇనుప హ్యాండిలు ఉంది. వాళ్ల బోరింగుది ఊడదీసుకొచ్చారు.

బక్కమ్మ చిట్లిన నుదురు కొంగుతో తుడుచుకుంటూ నట్టు బిగించింది. రాధమ్మ లేచి రెండు చేతులతో కొట్టడం మొదలుపెట్టింది. అప్పటికి కామరాజు కూడా పత్రికలవాళ్లతో జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పసుపు నీళ్లు దూకాయి. ఆయన సీసా పట్టాడు. సైకిళ్ల మీద వచ్చినవాళ్లు ఒక్కొక్కరే తమ టిఫిన్ డబ్బాలు ఖాళీ చేసి, ఆ సాక్ష్యం పట్టుకోవడానికి వరుసలో నిలబడ్డారు.