ఎదుటి తీగ

టావ్నో కివెలా మొహం చూస్తేనే ఒడీల్ రాంకూర్‌కి ఒళ్ళు మండేది. సడ్‌బరీలోని ఆ ల్యాబులో ఇద్దరి బల్లలూ పక్కపక్కనే, ఏం చేస్తాం! ఆయనగారికో జబ్బుంది: కనబడిన ప్రతిదానికీ పేరు రాసి అంటించడం. చెంచా మీద టి.కె., సీసా మీద టి.కె., ఫ్రిజ్‌లో దాచుకున్న ఏలకుల రొట్టె మీద కూడా టి.కె. "ఎవడు తింటాడయ్యా నీ ఎండురొట్టె?" అని ఆమె, "తినే మొహాలు నాకు తెలుసులే" అని అతను. ఐదేళ్ళు ఇదే భాగోతం.

ఈసారి గొడవ రొట్టె గురించి కాదు. యాసిడ్ కలిపిన నీళ్ళలోకి కరెంటు పంపి హైడ్రోజన్ విడగొట్టడానికి ప్లాటినాన్ని మించింది లేదు, కానీ దాని ధర వింటే గుండె జారిపోతుంది. ఆ ఊరి గనుల్లో దొరికే నికెల్‌కి కాస్త భాస్వరం కలిపి, పలకకి పూసి, ఒడీల్ ప్లాటినంతో సమానంగా బుడగలు పుట్టించింది. పైగా ఆ పలక వాడినకొద్దీ మెరుగవుతోంది! శుక్రవారం ఒక కంపెనీవాళ్ళు చూడ్డానికొస్తున్నారు. వాళ్ళు ఊ అంటే ఆమెకి డాక్టరేటూ, ఉద్యోగమూ. లేదంటే ఐదేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే.

మంగళవారం మీటింగులో, తమ గైడు ప్రొఫెసర్ బెర్నిస్ ఆల్‌గుడ్ ఎదురుగా, టావ్నో కాఫీ చప్పరిస్తూ మొదలుపెట్టాడు. "పలక దగ్గర బుడగలొస్తున్నాయి, బానే ఉంది. మరి ఎదురుగా రెండో కొసకి ఏం పెట్టావ్?"

"ప్లాటినం తీగ. ఏం?"

"అదీ సంగతి! ఆ తీగ యాసిడ్‌లో కరిగి, వచ్చి నీ పలక మీద కూర్చుంటోంది. రోజురోజుకీ మెరుగవడం నీ నికెల్ గొప్ప కాదమ్మా, అరువు సొగసు."

"కడుపుమంటకి నా దగ్గర మందు లేదు, టావ్నో."

"మందెందుకు? తీగ బదులు బొగ్గు కడ్డీ పెట్టి చూపించు, నోరు మూసుకుంటా. భయమా?"

భయమే. నెలరోజులుగా ఆ అనుమానం ఆమెని తొలుస్తూనే ఉంది. తేల్చుకునే ధైర్యం లేక, పలక బాగుపడుతోందని మురిసిపోయింది. కానీ ఆ మాట వీడి నోట వినాలా? విసురుగా లేచి బల్ల దగ్గరికెళ్ళింది. వాళ్ళిద్దరూ వెనకే వచ్చారు. పాత పలకకి ఈపాటికి ప్లాటినం పట్టేసి ఉండొచ్చు కాబట్టి కొత్త పలక తీసింది. ఎదురుగా బొగ్గు కడ్డీ పెట్టి బటన్ నొక్కింది.

తెర మీద కరెంటు గీత లేవలేదు. గిన్నెలో ఒకటీ అరా బుడగలు.

టావ్నో పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు, దరిద్రుడు. "శుక్రవారం వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపేద్దాం" అన్నాడు.

"ఇది ఇక్కడితో ఆపేద్దాం, ఒడీల్" అంది ప్రొఫెసర్ మెల్లగా.

ఒడీల్ పాత తీగని పెట్టెలో పెట్టబోతూ చూసింది. కొస సూదిలా అరిగిపోయి ఉంది. పెట్టె మూత మీద చీటీ: టి.కె., నాలుగేళ్ళ కిందటి తేదీ. టావ్నో తను కొత్త తీగ కొనుక్కున్నప్పుడు దీన్ని ఆమె మొహాన పడేశాడు.

"ఈ తీగ నీదే కదా?" అందామె. "ఇది పెట్టేగా కోబాల్ట్ పలక మీద రీసెర్చి పేపర్ రాశావ్?"

సస్కటూన్ యూనివర్సిటీలో అతనికి అధ్యాపకుడి ఉద్యోగం తెచ్చిపెట్టింది ఆ పేపరే. సెప్టెంబరులో చేరాలి.

"దానికీ దీనికీ పోలికేంటి?" అన్నాడు టావ్నో. నవ్వు పోయింది.

"గురివింద గింజకి తన కింద నలుపు కనబడదట!" అని అతని సొరుగు లాగింది. అతని జబ్బు పుణ్యమా అని అర నిమిషంలో దొరికింది: 'టి.కె., కోబాల్ట్, వాడని పలకలు. ముట్టుకోవద్దు.'

"అది ముట్టుకోకు."

"రాసుందిలే, చదివాను."

"ప్రొఫెసర్, మీరైనా చెప్పండి!"

ఆ పేపరు మీద బెర్నిస్ పేరు కూడా ఉంది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "పెట్టు" అంది.

"ఒడీల్, ఇక్కడి ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పేశాను..."

"నాది పోయినప్పుడు ఇకిలించావుగా. ఇప్పుడూ ఇకిలించు."

బొగ్గు కడ్డీకి ఎదురుగా అతని పలక పెట్టి బటన్ నొక్కింది. ఈ గీత ఆమె గీత కన్నా కిందే పాకింది. ఒడీల్ ప్రాణం హాయిగా లేచొచ్చింది. ఐదేళ్ళలో అంత హాయి ఎరగదు. తర్వాత పక్కనున్న తన పలక కనబడింది, హాయి కాస్తా పోయింది.

"శుక్రవారం రావద్దని వాళ్ళకి రాస్తాను" అంది ప్రొఫెసర్ లేస్తూ. "ఆ పేపరు వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకి కూడా రాయాలి. ఆ తీగ లోపల పెట్టేయండి."

ఒడీల్ తీగని పెట్టెలో పెట్టి మూత వేసింది. పెన్ను తీసి, చీటీ మీద టి.కె. పక్కన తన పేరు కూడా రాసింది. టావ్నో చూస్తూ నిలబడ్డాడు కానీ, వద్దనలేదు.