నాలుగు తీగల మీద నాట్యం

చనిపోయిన అత్త జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికకి వచ్చేవాళ్ళ వంటకని ఇవాంజెలిన్ ఉల్లిపాయలు తరుగుతుంటే, జెర్రీ గుమ్మంలో నిలబడి అన్నాడు: "అమ్మకిట్టమైన ఆ ముక్క ఈయేళ వాయించీయే. నానే కట్టినానని పాస్టరు గారికి సెప్పీసినాను. మొగుడూ పెళ్ళాం ఒకటే గదేటి?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. ఒకటేనట! ఈ ఉల్లిపాయల దగ్గర ఆ ఒకటి ఎక్కడికి పోయిందో మరి.

ఆ ముక్క మూడొందలేళ్ళ కిందట యూరప్‌లో ఎవరో పియానోలాంటి వాద్యానికి రాసిన జిగ్, గంతులేసే నాట్యం. ఫోన్లో విని ఇవాంజెలిన్ మనసు పారేసుకుంది. రెండు చేతులు వాయించేదాన్ని తండ్రి నేర్పిన వయొలిన్ మీదకి దించాలని పంతం పట్టింది. పై తీగ మీద పాట పరిగెడుతుంటే కింది తీగ మీద అడుగులు పడుతూనే ఉండాలి. కమాను కాస్త తడబడితే రెండూ పోతాయి. చర్చిలో కీబోర్డు వాయించే జెర్రీ ఓసారి విని, "కోళ్ళని తరుముతున్నట్టుంది," అని నవ్వి టీవీ పెట్టుకున్నాడు.

ఇంట్లో తీరికెక్కడ? అత్త దోర్కాసమ్మకి అప్పటికే కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఆ జబ్బు లేని వీధేది! డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళి తేవడం, కొలిచి నీళ్ళివ్వడం, చాలలేదని తిడితే పడడం, అన్నీ కోడలివే. కొడుక్కి ఆసుపత్రి వాసన పడదు. ఆ మంచం పక్కన కూర్చుని, తన ముంజేతి మీద వేళ్ళాడిస్తూ ఇవాంజెలిన్ జిగ్ కట్టుకుంది.

"ఏటే ఆ ఏళ్ళు?" అంది అత్త ఓరోజు.

"డాన్సత్తా."

ఇంటికొచ్చాక వాయించమంది. వయొలిన్ తీస్తేనే మొహం ముడుచుకునే మనిషి, కళ్ళు మూసుకుని విన్నది. "ఒక్కదానివే ఇద్దరి పని సేత్తన్నావే," అంది. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఇవాంజెలిన్ పనిని పని అన్న మాట అదొక్కటే. "నాను పోయాక పదిమందిలో వాయించు. నా కాళ్ళింక ఆడవు, అదైనా ఆడతాది."

చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

సాయంత్రం పందిట్లో ప్రార్థన అయ్యాక పాస్టరు గారు లేచారు. "తల్లిగారి కోసం జెర్రీ గారు ఎంతో శ్రమపడి కూర్చిన సంగీతం. వారి సతీమణి వాయిస్తారు." జనం ఆమెన్ అన్నారు. జెర్రీ వినయంగా తల వంచుకున్నాడు.

ఇవాంజెలిన్ వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని కమాను ఎత్తింది. వాయిస్తే అత్తకిచ్చిన మాట నిలబడుతుంది. కానీ ఆ క్షణం నించి ఈ పాట ఊరంతటికీ జెర్రీది. కమాను దించేసింది.

"ఆయన కట్టింది ఆయనే వాయించాల, అయ్యగారూ."

వయొలిన్ తీసుకెళ్ళి కమాను పట్టడమైనా రాని జెర్రీ ఒళ్ళో పెట్టి, ఆడవాళ్ళ చాప మీద కూర్చుంది. పందిరంతా అతనికేసి చూస్తోంది. ఇవాంజెలిన్ ముసుగు మొహం మీదకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది. మాట తప్పినందుకు అత్తకి లోపల్లోపలే క్షమాపణ చెప్పుకుంది. జెర్రీకి చెప్పలేదు.